ఎక్కించినవాడే దించాలి

నికానోర్ తెడ్డుని బట్టీ నోట్లోకి దూర్చి లోపలి వరసలోని రొట్టెల్ని ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. తెడ్డు కర్ర అతనికి రెండింతల పొడుగు. పట్టుకునే చోట అరిగి సన్నబడింది. దాన్ని అరగదీసిన చేతులు మాత్రం అరగలేదు, గట్టిపడ్డాయి. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ మొలవడం మానేశాయి. అతను బట్టీకి ఎప్పుడూ కుడి భుజమే ఇచ్చి నిలబడతాడు కాబట్టి కుడి చెంప ఎర్రగా, కమిలిన తోలులా ఉంటుంది. ఎడమ చెంప మామూలుగా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో బల్బీనా అనేది, "ఒక చెంప బట్టీకిచ్చావు, రెండోది నాకు మిగిల్చావు, అంతే చాలు" అని.

ఆ ఊళ్లో వీధికో బట్టీ. కుస్కో పట్నానికి వెళ్లే బస్సుల్లో మనుషులు నిలబడతారు, రొట్టెల బుట్టలు కూర్చుంటాయి. నికానోర్ మీసం రాకముందే ఈ బట్టీలో చేరాడు. అప్పటి యజమాని పోయాడు. ఆయన కొడుకు పోయాడు. ఆ కొడుకు పెళ్లాం, అందరూ దోన్యా అని మర్యాదగా పిలిచే ఎర్లిందా ఉంది, తెడ్డు పట్టుకుని నికానోర్ ఉన్నాడు. అందరికంటే గట్టిగా ఉన్నది బట్టీ.

"నీ కంబళి వాసన పిండి బల్ల దాకా వస్తోంది," అంది ఎర్లిందా, ముద్దలు చేస్తూనే. "రాత్రి మళ్లీ కురిసిందా నీ ఇంట్లో?"

"ఊళ్లో కురిసింది దోన్యా. నా ఇంట్లో కాస్త ఆలస్యంగా కురిసింది."

"వేళాకోళాలాడు. ఇది ఉత్త జల్లు. అసలు వానలు ఇంకా రానేలేదు. వస్తే ఆ కప్పు నీ నెత్తిమీదే."

"నెత్తి గట్టిదే."

"అందుకు ఊరంతా సాక్ష్యం." ఆమె ముద్దని బల్లకేసి కొట్టింది. "ముగ్గురు మేస్త్రీల్ని రేటు అడిగావటగా. ముగ్గురూ చెప్పాక నువ్వేం చేస్తావో నేనిప్పుడే చెప్పనా?"

"చెప్పండి."

"నాలుగోవాణ్ణి వెతుకుతావు. ఎందుకంటే ముగ్గురూ ఒకటే మాట అంటారు. నీ తగువు కప్పుతో కాదు. కప్పు మీదున్న మట్టి ఎద్దులతో."

నికానోర్ కాలిన రొట్టెల్ని తెడ్డు మీదకి లాక్కున్నాడు. తట్టంత వెడల్పున్న గుండ్రని రొట్టెలు, పైన ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక్కదాని అంచు కూడా మాడలేదు. రొట్టె మాడ్చాడన్న మాట అతను పడలేదు. వేరే మాటలు చాలా పడ్డాడు.

వీధిలో మోటారుసైకిల్ ఆగింది. వల్దేమార్ లోపలికొచ్చాడు, చంకలో తలుపు ముక్కంత రేకు పెట్టుకుని. బల్బీనా చెల్లెలి కొడుకు. రేకుల పని చేస్తాడు. మూడు కప్పులు కడితే ఒకటి గాలికి లేస్తుంది, కానీ మాట బాగుంటుంది.

"పెదనాన్నా, దీని మీద ఒక్క గుద్దు గుద్దు. బలం చూడు."

నికానోర్ గుద్దాడు. బట్టీశాల అంతా మోగింది.

"మోగుతోంది."

"రేకన్నాక మోగదా?"

"వడగళ్లు పడితే?"

"ఇంకాస్త మోగుతుంది."

"నన్ను చూసి నవ్వేవాళ్లకి డప్పు కూడా నేనే కొనిపెట్టాలన్నమాట."

"అది కాదు పెదనాన్నా, రేటు విను. రేకులు, మేకులు, కొత్త దూలం, కూలీ అంతా కలిపి నీ బట్టీ జీతం రెండు నెలలది. ఇంతకంటే తక్కువకి ఈ లోయలో ఎవడైనా చేస్తే నా మీసం తీసేస్తా."

అంత తక్కువ ఎందుకో నికానోర్‌కి అర్థం కాలేదు. రేకుని వెనక్కి తిప్పాడు. అర్థమైంది. వెనకవైపు ఎర్ర రంగుతో పెద్ద కుండ బొమ్మ, దాని పక్కన ఒక మనిషి మొహంలో సగం. సగం మీసం, సగం చిరునవ్వు.

"ఇదెవడు?"

"పోయిన ఎన్నికల్లో నిలబడ్డాడులే. ఊరూరా రేకులు పంచాడు. ఓడిపోయాడు. మిగిలినవి నా దగ్గరికొచ్చాయి." వల్దేమార్ గొంతు తగ్గించాడు. "బొమ్మ లోపలివైపుకి తిప్పి కొడతాను. వీధిలోంచి కనపడదు."

"లోపల పడుకునేది ఎవడ్రా?"

"నువ్వే."

"అంటే నేను పొద్దున్నే కళ్లు తెరవగానే ఓడిపోయినవాడి మీసం చూడాలి."

ఎర్లిందా పిండి చేతుల్ని మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక మొహం నిండా పిండి.

"పోనీ రంగు వేసిస్తాను," అన్నాడు వల్దేమార్. "కానీ ఒకటి పెదనాన్నా. దూలం మార్చాలంటే పైనున్న ఎద్దుల్ని దించాలి. అవి నువ్వు దింపించి పెట్టు. నేను ముట్టుకున్నానంటే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"మీ అమ్మ బతికుండగానే ఎవరికోసమూ లేవలేదు."

వల్దేమార్ రేకు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కోపం వచ్చింది, కానీ రేటు వెనక్కి తీసుకోలేదు. ఆ మాత్రం మంచివాడే.

ఎర్లిందా నికానోర్ వైపు చూసింది. "ఒకడయ్యాడు," అంది.

చివరి వాయి తీస్తున్నప్పుడు నికానోర్ ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. వేళ్ల నుంచి మొదలై భుజం దాకా పాకింది. తెడ్డుని నేలకి ఆనించి, దాన్నే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఎర్లిందా ఏమైందని అడిగితే బట్టీ వేడి అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ వేడి అతని ఎడమవైపుకి ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు.

మధ్యాహ్నం చంకలో ఒక రొట్టె పెట్టుకుని ఇంటికి నడిచాడు. పచ్చి ఇటుకల గోడలు, నీలం తలుపు. ఎర్ర పెంకుల కప్పు ముసలి కంచరగాడిద నడుములా మధ్యలో వంగిపోయింది. వంగిన చోటే, రెండు వాలులూ కలిసే కొప్పు మీద, ఇనుప శిలువకి అటొకటి ఇటొకటి మట్టి ఎద్దులు. వీధివైపు మొహం పెట్టి పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి మొగుడికి, ఒకటి పెళ్లానికి. కప్పిన రోజున నిటారుగా ఉండేవి. దూలం కుంగేకొద్దీ ఒకదాని వైపు ఒకటి ఒరుగుతూ వచ్చాయి. ఇంకో వానాకాలం గడిస్తే కొమ్ములు తగిలేలా ఉన్నాయి.

ఇంటిముందు ఇంజనీరు కాచుకుని ఉన్నాడు. అతను ఇంజనీరు కాదు. పేరు రోలాందో. కుస్కోలో రెండేళ్లు ఎవరి కిందో కాంక్రీటు కలిపాడు. తిరిగొచ్చేటప్పుడు నెత్తిన పసుపు టోపీ పెట్టుకొచ్చాడు. అప్పట్నించి ఊళ్లో ఇంజనీరయ్యాడు.

"పెద్దాయనా, నిజం చెప్తాను, బాధపడకండి," అన్నాడు. ఫోనుతో కప్పుని ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. "దీన్ని బాగుచేయడం దండగ. మొత్తం పడగొట్టేద్దాం. నాలుగు పిల్లర్లు లేపి శ్లాబు వేద్దాం. మీ జన్మలో మళ్లీ చుక్క కారదు."

"గోడలు?"

"మట్టి గోడలు శ్లాబు మోస్తాయా? అవీ పోతాయి." అతను చేత్తో గాల్లో ఇల్లు కట్టి చూపించాడు. "పైన చువ్వలు వదిలిపెడతాం. రేపు ఇంకో అంతస్తు లేపుకోవచ్చు. వీధంతా అంతే చేస్తున్నారు, చూడండి."

నికానోర్ వీధి చూశాడు. ప్రతి శ్లాబు మీదా తుప్పు పట్టిన చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉన్నాయి. వాటి కొసలకి ఖాళీ సీసాలు బోర్లించారు. చువ్వకీ చువ్వకీ మధ్య లంగాలు ఆరుతున్నాయి.

"ఆ పై అంతస్తులు ఎప్పుడొస్తాయి?"

"డబ్బులొచ్చినప్పుడు."

"మా ఇంట్లో పైన ఎవరుంటారు?"

పిల్లల్లేని ఇల్లని రోలాందోకి అప్పుడు గుర్తొచ్చింది. "అద్దెకిచ్చుకోండి," అన్నాడు, టోపీ సర్దుకుంటూ.

శ్లాబు చెడ్డదని నికానోర్ అనుకోలేదు. గట్టిది. చలికాలం ఐసుగడ్డలా ఉంటుంది, అయినా గట్టిది. ఆ రేటుకి ఇల్లమ్మినా చాలదు, అది వేరే సంగతి. చాలినా గోడలు పడగొట్టనివ్వడు. ఆ ఇటుకలకి మట్టి తొక్కింది బల్బీనా. లంగా మోకాళ్ల పైకి దోపుకుని, గడ్డి కలిపిన బురదలో రోజుల తరబడి తొక్కింది. వంటింటి మూల ఒక ఇటుకలో ఆమె మడమ గుర్తు ఉండిపోయింది. సున్నం కొట్టినప్పుడల్లా నికానోర్ ఆ ఇటుకని వదిలేసి కొడతాడు.

"మరి ఎద్దులు?" అని అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు.

రోలాందో ఫోను జేబులో పెట్టేశాడు. "అదంతా పాతకాలం నమ్మకం పెద్దాయనా. అయినా మా కూలీలు ఎక్కరు. మీరే దింపించి పెట్టుకోండి."

"నువ్వు పాతకాలం వాడివి కాదుగా. నువ్వెక్కు."

"నాకా... నాకు మోకాలు నొప్పి."

"ఏ మోకాలు?"

రోలాందో ఒక్క క్షణం ఆలోచించాడు. "రెండూ," అని వెళ్లిపోయాడు. కుంటడం మర్చిపోయాడు.

ఎక్కించినవాడే దించాలి. ఊళ్లో ఎవరిని నిద్రలేపి అడిగినా ఆ మాట చెప్తారు. కొత్త ఇల్లు కప్పిన రోజున ఎవరినైతే కప్పుకి పెద్దగా కూర్చోబెడతారో ఆయనే ఎద్దుల్ని చంకనెత్తుకుని పైకెక్కించాలి. ఆ పూటనుంచి ఆయనా ఇంటాయనా ఒకరికొకరు కొంపాద్రె. తోబుట్టువులతో తగువు పడొచ్చు, కొంపాద్రెతో పడకూడదు. కప్పు విప్పాల్సివస్తే ఆయన్నే పిలవాలి. వేరే చెయ్యి పడితే ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గుతాడు.

నికానోర్ కప్పుకి పెద్ద సతుర్నీనో. ఎదురింటి మనిషే. అప్పట్లో ఊళ్లో మొదటి లారీ అతనిది. పెంకులు తన లారీలో తెచ్చి పైసా తీసుకోలేదు. రెండు ఎద్దుల్నీ రెండు చంకల్లో పెట్టుకుని, నిచ్చెన పట్టుకోకుండా ఎక్కేశాడు. పైనుంచి, "కొంపాద్రె! ఈ కప్పు నాది, కింది సంసారం నీది!" అని అరిచాడు. బల్బీనా చిచా అనే మొక్కజొన్న కల్లు కుండ పట్టుకుని అలాగే గెంతింది. సగం చిచా నేలపాలైంది. మంచి శకునమన్నారు. అందరూ అన్నారు.

సాయంత్రానికి ముందు క్రిసాంతో వచ్చాడు. పెంకులు నేసేవాడు. నికానోర్ ఈడువాడే, కలిసి బడికెళ్లి కలిసి మానేశారు. నోట్లో ఒక్క పన్ను లేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, కొప్పు దగ్గర నాలుగు పెంకులు తీసి లోపలికి తలదూర్చాడు. జేబులోంచి చాకు తీసి కొప్పు దూలంలో గుచ్చాడు. పిడి దాకా దిగింది.

"ఒరే నికానోర్, ఇది దూలం కాదురా. మీ బట్టీ రొట్టె."

"మా రొట్టె ఇంత మెత్తగా ఉండదు."

"ఎలా నిలబడిందో దేవుడికెరుక. అలవాటు కొద్దీ నిలబడినట్టుంది, నీలాగ."

కిందికి దిగాడు. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. నికానోర్ చిచా పోశాడు. ఇద్దరూ మొదటి చుక్కలు నేలకి వదిలి, తర్వాత తాగారు. రొట్టె విరిస్తే క్రిసాంతో చిచాలో నానబెట్టుకుని నమిలాడు. తర్వాత రేటు చెప్పాడు. కొత్త నీలగిరి దూలం, కొత్త వాసాలు. పాత పెంకుల్లో బాగున్నవి మళ్లీ పెడతాడు, పగిలినవాటికి కొత్తవి. వల్దేమార్ చెప్పినదానికి దాదాపు రెండింతలు.

"రేకులు చవగ్గా వస్తుంటే నీకెందుకియ్యాలిరా అంత?"

"రేకుల కింద మధ్యాహ్నం ఉడుకుతావు, రాత్రి వణుకుతావు, వానొస్తే చెవిటోడివవుతావు. పెంకులు మట్టి, గోడలు మట్టి. ఒకదానికొకటి సరిపోతాయి. నువ్వూ నాతో మట్టి తొక్కితే కూలీ తగ్గించుకుంటా. ఇంకేం చెప్పను? నాకు టోపీ కూడా లేదు."

నికానోర్ ఆలోచించాడు. రేకులు చవక, కానీ గాలికి లేస్తాయి, పైగా ఓడినవాడి మీసం. శ్లాబు గట్టిది, కానీ బల్బీనా మడమని మింగేస్తుంది. పెంకులకి రేటు ఎక్కువ, పని నెమ్మది. రెండు మూడేళ్లకోసారి పైకెక్కి సర్దుకోవాలి. సర్దుకునే పనైతే అతనికి భయం లేదు.

"పెంకులే," అన్నాడు.

క్రిసాంతో తలూపాడు. గ్లాసు కింద పెట్టాడు. వీధికి అటువైపున్న సతుర్నీనో ఆకుపచ్చ గేటు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. నికానోర్‌కి తెలిసిపోయింది.

"అనకు," అన్నాడు.

"అంటాను. అనమనే పంపాడు. వాడి కాళ్లు పడిపోయాయిరా. కర్ర లేందే లేవడు. అయినా ఎక్కుతానంటున్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి మనుషుల్ని కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. నువ్వెళ్లక్కర్లేదు. గుమ్మంలోంచే పిలువు. కొంపాద్రె అను. మూడక్షరాలు."

"నువ్వు లెక్కలు ఎప్పుడు నేర్చావు?"

"తప్పు చేశాడు. చేయలేదని వాడెప్పుడన్నాడు?"

తప్పు. నికానోర్ ఆ మాటని నోట్లో తిప్పి చూశాడు, రాయి పడ్డ అన్నం ముద్దలాగ. రొట్టె మాడితే తప్పు. పెంకు జారితే తప్పు.

చాలా ఏళ్ల కిందటి మాట. ఆ ఏడాది వానలు విపరీతం. బల్బీనా కడుపు పట్టుకుని నేలమీద ముడుచుకుపోయింది. నికానోర్ టోపీ చేత్తో పట్టుకుని ఆ ఆకుపచ్చ గేటు ముందు నిలబడ్డాడు. "కొంపాద్రె, లారీ తియ్యి, బల్బీనాని ఆసుపత్రికి తీసుకెళ్లాలి," అన్నాడు. సతుర్నీనో కిటికీలోంచి, "వంతెన మీద నీళ్లొచ్చాయి కొంపాద్రె, లారీ పోదు. వాన తగ్గనీ," అన్నాడు. కొంపాద్రె మాట. నికానోర్ నమ్మాడు. ఇంటికొచ్చి బల్బీనా పక్కన కూర్చుని వాన తగ్గడం కోసం చూశాడు. ఆమె మూలుగు తగ్గింది. వాన తగ్గలేదు. అప్పుడు భయమేసి, రొట్టెలు మోసే మూడు చక్రాల బండి మీద ఆమెని పడుకోబెట్టి, రొట్టెల గుడ్డ కప్పి, తోసుకుంటూ బయల్దేరాడు. వంతెన మీద నీళ్లు చీలమండలకి కూడా రాలేదు. వంతెన దాటిన మొదటి పల్లెలో, పెళ్లింటి ముందు, సతుర్నీనో లారీ ఆగి ఉంది. బీరు పెట్టెలు దించుతున్నారు. లారీ పొద్దున్నే బాడుగకి వెళ్లింది. బాడుగ ఒప్పుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది సతుర్నీనోకి. అందుకని వంతెన మీదకి నీళ్లు తెప్పించాడు. లారీ లేదని ఒక్క మాట చెప్పి ఉంటే నికానోర్ ఇంకో తలుపు కొట్టేవాడు. ఊళ్లో తలుపులకి కరువు లేదు.

బల్బీనా బండి మీదే పోయింది. ఆ తెల్లారి కూడా ఊరికి రొట్టెలు కావాలి. బండి కడిగి ఇచ్చేశాడు.

"కొంపాద్రె అన్న మాట ఆమెతోపాటే పూడ్చేశాను," అన్నాడు నికానోర్. "కావాలంటే వాణ్ణి వెళ్లి తవ్వుకోమను."

"మరి ఎద్దులు?"

"సోమవారం పనిలోకి రా. అవి పైనుండవు."

"ఎవరు దించుతారు?"

"నేను."

క్రిసాంతో నోట్లో రొట్టె నమలడం ఆపాడు. "ఒరే, వద్దురా. వేరే చెయ్యి పడితే ఇంట్లో ఒక మనిషి తగ్గుతాడు."

"మా ఇంట్లో తగ్గడానికి ఎంతమందున్నార్రా? లోపలికెళ్లి లెక్కపెట్టుకో. లెక్కలొచ్చుగా నీకు."

క్రిసాంతో లోపలికి వెళ్లలేదు. చాకు మడిచి జేబులో వేసుకుని లేచాడు. నిచ్చెన తీసుకెళ్లబోతే నికానోర్ దాని మీద చెయ్యి వేశాడు. క్రిసాంతో నిచ్చెన వదిలేసి వెళ్లాడు. ఈ ఊళ్లో నికానోర్ మాట ఒకటి నెగ్గిందంటే అదే.

గూట్లోంచి బల్బీనా వీపుగుడ్డ తీశాడు. ఎర్రచారల ఉన్నిగుడ్డ, ఆమె బంగాళదుంపలూ మేత గడ్డీ వీపున కట్టుకుని తెచ్చేది. దాన్ని భుజాన వేసుకుని, నడుములో ఉలి దోపుకుని నిచ్చెన ఎక్కాడు. పెంకుల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి పాకాడు. పాకిన చోటల్లా పెంకులు కిర్రుమన్నాయి, వయసైనవాళ్ల కీళ్లలాగ. కొప్పు చేరి, గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాడు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

ముందు ఆమె ఎద్దు. సూర్యుడు పొడిచే వైపుది. ఒక చెవి విరిగింది, వీపు మీది రంధ్రంలో పచ్చటి నాచు పట్టింది. కాళ్ల కింది సున్నాన్ని ఉలితో కొట్టాడు. తేలిగ్గానే ఊడింది, ఎప్పట్నించో దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు. దాన్ని గుడ్డలో చుట్టి వీపున కట్టుకున్నాడు. ఆమె కట్టుకున్నట్టే, ముడి రొమ్ము మీదకి వచ్చేలా. కిందికి దిగాడు. మంచం మీద తడవని మూల చూసి పెట్టాడు. నీళ్లు తాగాడు. చెయ్యి మళ్లీ తిమ్మిరెక్కింది. ఈసారి దవడ కూడా లాగింది. మంచం మీద కూర్చుంటే లేవబుద్ధి కాదని కూర్చోలేదు.

రెండోసారి ఎక్కడం నెమ్మదిగా సాగింది. మధ్యలో రెండుసార్లు పెంకుల మీద చెంప ఆనించి ఆగాడు. ఎర్ర చెంప కాదు, రెండోది. పెంకులు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

కొప్పు మీదనుంచి ఆకుపచ్చ గేటు లోపలంతా కనిపించింది. లారీకి చక్రాలు లేవు. ఇటుకల మీద నిలబడి ఉంది, దాని ముందు సీట్లో కోళ్లు కాపురం పెట్టాయి. పక్కన కుర్చీలో, మోకాళ్ల మీద కంబళి కప్పుకుని సతుర్నీనో. ఎప్పట్నించి చూస్తున్నాడో. ఇద్దరి చూపులూ కలిశాయి.

సతుర్నీనో టోపీ తీశాడు. బట్టతల ఎండలో మెరిసింది. టోపీని పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. దించలేదు.

నికానోర్ తన ఎద్దు కాళ్ల కింద ఉలి పెట్టి కొట్టాడు. సున్నం ఊడింది. గుడ్డ పరిచాడు. ఎత్తబోయాడు. అప్పుడే అతనికి ఒక సంగతి తట్టింది. కప్పిన రోజునుంచీ ఈ ఎద్దు వీధివైపే, ఆ ఆకుపచ్చ గేటు వైపే చూస్తోంది. అతను బట్టీకి పోయినా, బల్బీనా మట్టిలోకి పోయినా, ఇది మాత్రం వాడి ఇంటికి మొహం చూపిస్తూనే ఉంది. ఇంటి యజమాని ఇవ్వని మర్యాద ఎద్దు ఎందుకివ్వాలి?

రెండు చేతులూ వేసి దాన్ని తిప్పాడు. బరువైంది. తిప్పడానికి ఉన్న బలమంతా పోయింది. మొహం కొండవైపు, తోక ఆకుపచ్చ గేటు వైపు. సరిగ్గా నిలబడిందో లేదో కదిపి చూశాడు. నిలబడింది.

ఎదురింట్లో టోపీ నెమ్మదిగా కిందికి దిగింది.

నికానోర్‌కి నవ్వొచ్చింది. పొద్దున్న ఎర్లిందాని నవ్వించాడు, తాను ఇప్పుడే నవ్వాడు. దీన్ని దించడం ఎంతసేపు అనుకున్నాడు. కాస్త ఊపిరి తీసుకుని దించొచ్చు. కాసేపు వాణ్ణి చూడనీ. ఇనుప శిలువకి వీపు ఆనించాడు. చూపు మాత్రం ఎదురింటి మీంచి తిప్పలేదు. ముందు తలదించుకునేది తాను కాకూడదు.

కొండ మీద ఎండ ఎర్రబడుతుండగా ఎర్లిందా వచ్చింది, చేతిలో పొడి కంబళి పట్టుకుని. పెరట్లోంచి తలెత్తి చూసింది.

"ఏం కొలువు తీరావయ్యా పైన! దిగు, మంచు పడుతుంది."

జవాబు ఇవ్వకపోవడం అతనికి కొత్త కాదు. రెండోసారి గట్టిగా కసిరింది. మూడోసారి పిలవలేదు. కంబళిని గుండెకి అదుముకుని, నిచ్చెన మొదట్లో నేలమీద కూర్చుండిపోయింది.

క్రిసాంతో, వల్దేమార్ తాళ్లు కట్టి అతన్ని దించారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊరు రెండు మాటలంది. చెప్పాం కదా అని ఒకటి, ఒక మనిషి తగ్గాడు చూశారా అని ఒకటి. ఎర్లిందా ఎవరి మాటా పట్టించుకోలేదు. మంచం మీదున్న ఎద్దుని ఎర్రచారల గుడ్డతో సహా పెట్టెలో అతని ఎడమ పక్కన పెట్టింది.

పెట్టె ఇంకా మూయకముందు సతుర్నీనో వచ్చాడు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని తీసుకొచ్చారు. టోపీ చేత్తో పట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాడు.

"కొంపాద్రె," అన్నాడు. "సెలవిస్తే ఆ రెండోది నేను దించుతాను."

అందరూ ఆగారు. అడిగినవాడు సమాధానం కోసం నిజంగానే ఎదురుచూశాడు. నికానోర్ ఏమీ అనలేదు. బతికున్నా అనేవాడు కాదు. కాసేపటికి సతుర్నీనోని పట్టుకున్నవాళ్లు అతన్ని వెనక్కి తిప్పి నడిపించుకెళ్లారు.

ఇల్లు వల్దేమార్‌కి వచ్చింది. అతను పెరటివైపు రేకులు కొట్టి సామాను పెట్టుకున్నాడు. బొమ్మ లోపలికి తిప్పాడో బయటికి తిప్పాడో ఎవరూ చూడలేదు. వీధివైపు కప్పు జోలికి పోలేదు. దించాల్సినవాడు ఉన్నాడు, దించమని చెప్పాల్సినవాడు లేడు. వానలొచ్చాయి. దూలం ఇంకాస్త కుంగింది కానీ విరగలేదు. దాని మీద, శిలువ పక్కన, జత లేని మట్టి ఎద్దు ఒకటి వీధి గుమ్మాలన్నిటికీ మొహం చాటేసి, ఆకుపచ్చ గేటుకి తోక చూపిస్తూ నిలబడే ఉంది.